గాలికి పట్టా ఎవరి పేర?

గాలిమరను చూసి మొట్టమొదట సంతోషించినవాళ్లలో నేనొకణ్ణి. ఆ సంగతి ఒప్పుకొని ఈ వ్యాసం మొదలుపెడతాను. అనంతపురం ప్రాంతపు పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. మా వైపు ఆషాఢం గాలిని వరమనుకున్నవాడెవడూ లేడు. విత్తిన చేనును ఎండగట్టేది అదే. నెత్తి మీదికి వచ్చిన మబ్బును తోసుకుపోయేదీ అదేనని మా పెద్దలు తిట్టుకునేవాళ్లు. అటువంటి గాలి చేత ఊడిగం చేయించి దీపం వెలిగించవచ్చునని 1990ల మధ్యలో రామగిరి కొండల మీద తిరిగిన మరలు చూపించాయి. మనిషి తెలివి సాధించిన గొప్ప పనుల్లో ఇదొకటని అప్పుడు పిల్లలకు చెప్పాను. ఆ మాటను ఇప్పటికీ వెనక్కు తీసుకోను.

అయితే యంత్రం వేరు, ఆ యంత్రాన్ని ఒక ఊరి చేలల్లో నిలబెట్టే పథకం వేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడడం వల్ల రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి. గాలి కరెంటు శుభ్రమైనది గనక దాని పథకం కూడా శుభ్రమైనదే అయి ఉంటుందని చదువుకున్నవాళ్లలో చాలామంది నమ్ముతున్నారు. పథకంలో అన్యాయం కనిపించింది గనక మరలే అరిష్టమని, అవి మబ్బుల్ని కోసేస్తున్నాయని పల్లెల్లో కొందరు నమ్ముతున్నారు. మొదటివాళ్లు మనుషుల్ని మరిచిపోయారు. రెండోవాళ్లు శాస్త్రాన్ని మరిచిపోయారు. అభ్యుదయ రచయితలం అనిపించుకునే మనం ఏ ఒక్కదాన్నీ మరిచిపోవడానికి వీల్లేదు.

ఇప్పుడీ సంగతి ఎత్తడానికి కారణం ఉంది. మా ఊరికి తూర్పున ఉన్న మెట్టచేలల్లో గాలిమరలు నిలబెట్టే ప్రతిపాదన ఒకటి వచ్చింది. ఒప్పందం కాగితాలు ఊళ్లోకి వచ్చాయి. చదివి చెప్పమని నా దగ్గరికి తెచ్చారు. ఎనిమిదేళ్ల కిందట ఊరికి పడమట మరలు వచ్చినప్పుడు కూడా కాగితం చదివి చెప్పింది నేనే. అప్పుడు నేను తప్పు చదివాను. ఆ తప్పేమిటో ముందుముందు చెబుతాను. అది అర్థం కావాలంటే గాలిమరల పథకం ఎట్లా తయారవుతుందో మొదట తెలియాలి.

1. సన్నటి స్తంభం

పథకం ఊళ్లోకి మొదట మర రూపంలో రాదు. సన్నటి పొడుగాటి ఇనుప స్తంభం రూపంలో వస్తుంది. దానికి చుట్టూ తీగలు లాగి కట్టి ఉంటారు. పైన చిన్న చిన్న గిన్నెలు గిరగిర తిరుగుతుంటాయి. మా ఊరివాళ్లు దాన్ని సెల్‌ఫోన్ టవరనుకున్నారు. అది గాలిని కొలిచే స్తంభం. కనీసం ఒక సంవత్సరం పాటు, అన్ని రుతువుల్లోనూ, గాలి ఎంత వేగంతో ఏ దిక్కు నుంచి వీస్తున్నదో అది నమోదు చేస్తుంది.

ఈ కొలత ఎందుకంత ముఖ్యం? గాలిలో ఉన్న శక్తి దాని వేగంతో సమానంగా పెరగదు. వేగపు ఘనంతో పెరుగుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలిని తీసుకుందాం. 5ను మూడుసార్లు హెచ్చిస్తే 125. గాలి 7 మీటర్లయితే 343. వేగం పెరిగింది రెండు మీటర్లే, శక్తి మాత్రం రెండున్నర రెట్లు దాటింది. అందుకే ఒక గుట్ట నెత్తి మీద లాభం వచ్చే మర, దాని పక్క పల్లంలో నష్టం తెస్తుంది. ఆ శక్తినంతా మనం పట్టుకోలేం కూడా. ఎంత మంచి మర అయినా తన గుండా పోయే గాలి శక్తిలో నూటికి 59 పాళ్లకు మించి తీసుకోలేదని ఆల్బర్ట్ బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వంద సంవత్సరాల కిందటే లెక్క కట్టి చూపించాడు. సెకనుకు సుమారు 3 మీటర్ల గాలి ఉంటే తప్ప మర కరెంటు ఇవ్వదు. గాలి 20, 25 మీటర్లకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

ఇందులో రైతుకు సంబంధించిన విషయం ఒకటుంది. ఆ స్తంభం ఏడాది పాటు రాసుకున్న లెక్క ఒక్క పక్షం దగ్గరే ఉంటుంది. ఏ సర్వే నంబరులో గాలి బంగారమో, ఏ నంబరులో గాలి ఉత్త దుమ్మో కంపెనీకి తెలుసు. ఆ చేను దున్నేవాడికి తెలియదు. సరుకు ఎవరిదో వాడికే దాని ధర తెలియకుండా బేరం జరుగుతుంది. చెనిక్కాయలు మండీకి తోలినప్పుడు తూకం దగ్గర ఏం జరిగేదో ఎరిగిన రైతుకు ఇది కొత్త అనుభవం కాదు. తూకపురాయి మాత్రమే కొత్తది.

2. చుక్కలూ గీతలూ

పటం మీద గాలిమర ఒక చుక్క. పథకం వేసేవాళ్లు మాకు చూపించిన పటంలో తూర్పు చేల మీద ఎర్రటి చుక్కలు పెట్టి ఉన్నాయి. చూసినవాడికి "ఇంతేనా!" అనిపిస్తుంది.

ఆ చుక్క కొలతలు చూద్దాం. రెక్కలు గీసే వృత్తం అడ్డకొలత 120 మీటర్లు అనుకుంటే, గాలిలో ఆ వృత్తం వైశాల్యమే సుమారు 2.8 ఎకరాలు. ఒక మర వెనక గాలి బలహీనపడుతుంది, సుడులు తిరుగుతుంది. అందువల్ల రెండో మరను దూరంగా పెట్టాలి. ఒక వైపు అడ్డకొలతకు అయిదు రెట్లు, మరొక వైపు ఏడు రెట్లు విడిచిపెట్టడం చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. 600 మీటర్లు, 840 మీటర్లు. అంటే మర ఒక్కింటికి సుమారు 125 ఎకరాల ఆవరణ. ఇందులో పునాదికి, క్రేను నిలబడే చదునుకు పోయేది రెండు మూడు ఎకరాలే. మిగతా నేలలో మడక కట్టుకోవచ్చు, చెనిక్కాయ వేసుకోవచ్చు. బొగ్గు గనికీ, సౌర విద్యుత్తు పలకల క్షేత్రానికీ లేని సౌలభ్యం ఇది. గాలిమర పక్కన సేద్యం సాగుతుంది. ఈ మాట నిజం.

అయితే చుక్కకూ చుక్కకూ మధ్య గీతలుంటాయి. గీతల్ని గురించి ఏజెంటు మాట్లాడడు. యాభై అరవై మీటర్ల పొడుగున్న రెక్కను మోసుకొచ్చే లారీ మన బండ్ల బాటలో మలుపు తిరగలేదు. దానికి వెడల్పాటి గట్టి దారి కావాలి; మలుపులు విశాలంగా ఉండాలి; ఎత్తుపల్లాలు చదును కావాలి. ఆ దారి చేల గట్లను తెంచుకుంటూ పోతుంది. తర్వాత ప్రతి మర నుంచి 33 కె.వి. తీగ బయలుదేరుతుంది. ఆ తీగలన్నీ ఒక సబ్‌స్టేషన్‌కు చేరాలి. అక్కణ్ణుంచి పెద్ద టవర్ల లైను ప్రభుత్వ గ్రిడ్డు దాకా పోవాలి. పటం మీద చుక్కలు పది ఉంటే, నేల మీద గీతలు వంద చేలల్ని దాటుతాయి.

మా ప్రాంతంలో నేల వాలు చూసి బతికే సేద్యం. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. కురిసిన నాలుగు చినుకులూ చేల మీదుగా వంకలోకి, వంక నుంచి కుంటలోకి, కుంట నిండితే చెరువులోకి చేరాలి. ఆ వాలుకు అడ్డంగా మూడడుగుల ఎత్తున కంకర దారి వేస్తే అది దారిగా మిగలదు, కట్ట అవుతుంది. ఎక్కడ తూము పెట్టాలో సర్వే పటం చెప్పదు. ఆ చేలో పుట్టి పెరిగిన మనిషి చెబుతాడు. వాణ్ణి అడగాలి, అంతే.

దూరాల సంగతి కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, చప్పుడు బాధ తప్పించడానికి, నివాసాలకు 500 మీటర్ల లోపల మర పెట్టరాదన్నారు. రోడ్లకు, కట్టడాలకు ఉండవలసిన దూరానికి ఒక సూత్రం ఇచ్చారు: స్తంభం ఎత్తు, దానికి వృత్తపు అడ్డకొలతలో సగం, ఆపైన 5 మీటర్లు. వంద మీటర్ల స్తంభానికి, 120 మీటర్ల వృత్తానికి అది 165 మీటర్లవుతుంది. సరే. చేలో కట్టుకున్న కొట్టం నివాసమా, కాదా? మంద తోలుకొని ఆరు నెలలు బయలులోనే పడుకునే గొర్రెల కాపరి దొడ్డి నివాసమా, కాదా? వాటికి ఇంటి నంబరు లేదు గనక అవి పటంలోకి రావు.

3. నేను తప్పు చదివిన కాగితం

ఎనిమిదేళ్ల కిందటి సంగతికి వస్తాను. మా బావకు ఊరికి పడమట ఎనిమిది ఎకరాల పట్టా భూమి ఉంది. ఏజెంటు తెచ్చిన ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. "నువ్వు చదివినోడివి, చూసి చెప్పు. నువ్వు సరే అంటే నేను యేలుముద్రయినా యేస్తా" అన్నాడు బావ. ఆయనకు సంతకం వచ్చు. నా మీద నమ్మకం అంత ఉందని చెప్పడానికి అట్లా అన్నాడు. నేను గుత్త ఎంతో చూశాను, ఎన్నేళ్లో చూశాను, ఎప్పుడు చెల్లిస్తారో చూశాను. బాగుంది, చెయ్యమన్నాను.

నేను చూడనిది ఒక వాక్యం. మరకు ఇచ్చిన మూడు ఎకరాలే కాక, మిగతా అయిదు ఎకరాల గుండా కూడా "దారులకు, తీగలకు, తదితర అవసరాలకు" ఒప్పందకాలమంతా హక్కు ఉంటుందని ఆ వాక్యం చెబుతోంది. ఆ "తదితర" అనే చోట నేనొక్క నిమిషం ఆగి ఉండవలసింది. వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి, ఆ మాట మీదుగా చూపు జారవిడిచాను.

దారి ఆ అయిదు ఎకరాల మీదుగానే పోయింది. వంకకు అడ్డంగా పోయింది. తర్వాతి రెండు కార్తెల వానా దారికి ఎగువన నిలిచి బావ కంది చేనును ముంచింది. దిగువన కుంటకు చుక్క చేరలేదు. ఆ కుంట కింద దళితవాడకు చెందిన పదకొండు కుటుంబాల డి.కె.టి. పట్టా భూములున్నాయి. వాళ్ల చేలల్లో మర లేదు, దారి లేదు, తీగ లేదు. వాళ్లను ఎవరూ సంతకం అడగలేదు. వాళ్లకు రావలసిన పరిహారమంటూ ఏ కాగితంలోనూ లేదు. ఆ కుటుంబాల్లో ఒక ముసలామె బడి దగ్గర నన్ను ఆపి అడిగింది: "అయివారూ, ఆ కాగితంలో మా పేరు యాడన్నా ఉందా?"

లేదన్నాను. ఉండవలసిన అవసరం ఉందని నాకు అప్పటిదాకా తోచలేదని మాత్రం చెప్పలేకపోయాను. తూము పెట్టించడానికి రెండేళ్లు తిరిగాం. పెట్టారు. ఆ రెండేళ్ల పంట ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

4. చట్టం ఎవరిని మనిషిగా గుర్తిస్తుంది?

ఇది ఒక్క కంపెనీ దుర్మార్గమో, ఒక్క బడిపంతులు అజాగ్రత్తో అయితే ఇంత రాయనక్కరలేదు. పథకానికి చట్టం వేసిన చట్రమే అట్లా ఉంది.

బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టాలంటే పర్యావరణ అనుమతి కావాలి, దానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ఆ సభలు ఎంత తంతుగా జరుగుతాయో మనకు తెలుసు. అయినా నిలబడి మాట్లాడడానికి అదొక చోటు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్తు లేదు. కనక ఆ సభ పెట్టవలసిన పని లేదు. శుభ్రమైన కరెంటు అన్న పేరు మీద ఊరి నోరు ముందే మూతపడింది.

2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థ కోసం ప్రభుత్వం భూమి సేకరిస్తే నూటికి 80 మంది బాధితుల సమ్మతి కావాలి. భూమి లేకపోయినా దాని మీద బతికే కూలీలను, కౌలుదార్లను కూడా లెక్కలోకి తీసుకొని సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలి. కానీ మరల కోసం ప్రభుత్వం సేకరించకుండా, కంపెనీయే రైతు రైతుతో విడివిడిగా గుత్త ఒప్పందం చేసుకుంటే ఆ రక్షణలేవీ వర్తించవు. ఊరంతటి మీద ప్రభావం చూపే పథకం, కాగితం మీద నలభై యాభై సొంత బేరాలుగా విడిపోతుంది. ఒక్కొక్క రైతు ఒంటరిగా కూర్చుంటాడు. ఎదుటి పక్షం మాత్రం ఎప్పుడూ ఒక్కటే.

ఈ బేరంలోకి ఎవరు రాగలరు? పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడు. ప్రభుత్వం పంచిన భూమి దున్నుకునేవాళ్ల సంగతి చిక్కు. ఆ భూములు పేదల చేయి దాటిపోకుండా 1977లో మన రాష్ట్రం అన్యాక్రాంత నిషేధ చట్టం తెచ్చింది. ఇచ్చి 20 ఏళ్లు దాటిన వాటి మీద 2023 సవరణ అమ్ముకునే హక్కు ఇచ్చింది. పేదవాడి భూమికి విలువ పెరిగే రోజూ, అది చేయి జారే రోజూ ఒకటే కాకుండా చూసుకోవాలి. కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి. ఆ కార్డు గడువు 11 నెలలు. పాతికేళ్ల ఒప్పందం ముందు 11 నెలల కార్డు ఏం నిలుస్తుంది? బావ ఎనిమిది ఎకరాల్లో మూడు ఎకరాలు గుత్తకు చేసుకుంటున్న మనిషి ఒకడుండేవాడు. మర వచ్చిన రోజున అతని సేద్యం పోయింది. బావకు గుత్త వచ్చింది. అతనికి బెంగళూరు బస్సు టిక్కెట్టు మిగిలింది.

తీగల సంగతి కూడా ఇంతే. 2003 విద్యుత్ చట్టం ద్వారా, 1885లో బ్రిటిషువాడు టెలిగ్రాఫ్ కోసం రాసుకున్న అధికారాలే కరెంటు లైన్లకు సంక్రమించాయి. భూమిని సేకరించకుండానే టవరు పాతవచ్చు, తీగ లాగవచ్చు, నష్టం కట్టి ఇస్తే చాలు. పోరాటాల తర్వాత కేంద్రం 2015లో టవరు అడుగు భూమి విలువలో నూటికి 85, తీగల కింది భూమికి 15 దాకా ఇవ్వాలని మార్గదర్శకాలిచ్చింది. 2024లో వాటిని 200, 30కి పెంచింది. ఇది మంచి మార్పే. కాని ఈ లెక్క 66 కె.వి.కి, ఆపైన ఉన్న లైన్లకే. మరల మధ్య మన చేల మీదుగా పోయే తీగలు 33 కె.వి.వి. వాటికి ఎంత ఇవ్వాలన్నది మళ్లీ ఒంటరి రైతు బేరమే.

5. "బంజరు" అనే మాట

మాటలతో పని చేసేవాళ్లం గనక ఒక మాటను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రెవెన్యూ రికార్డుల్లో గుట్టలను, బీళ్లను "బంజరు" అని రాస్తారు. సాగులో లేని భూమి అని దాని అర్థం. పథకం వేసేవాడు ఆ మాటను పనికిరాని భూమి అని చదువుకుంటాడు.

చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల వైపున్న కల్పవల్లి ఇందుకు తార్కాణం. రికార్డుల్లో బంజరుగా ఉన్న సుమారు 7 వేల ఎకరాల గుట్టల్ని, 1990ల తొలినాళ్ల నుంచి టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడ్పాటుతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కాపాడుకున్నారు. నిప్పు పడకుండా కావలి కాశారు. మేత మొలిచింది; కప్పులకు బోదగడ్డి, చాపలకు ఈత ఆకు దొరికింది; వంకల్లో నీళ్లు నిలిచాయి. 2010 ప్రాంతంలో ఆ గుట్టల మీద గాలిమరలు వచ్చాయి. గుట్టల నెత్తులు చెక్కి దార్లు వేశారు. తవ్విన మట్టి వాలు మీదికి దిగింది. తగువు 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. ఇరవై ఏళ్ల ఊరి కష్టం, రికార్డులో ఒక్క మాట మారనందువల్ల కష్టంగా లెక్కకు రాలేదు.

మా తూర్పు చేల పటంలో కూడా మరల దారి కొంత భాగం "ప్రభుత్వ బంజరు" గుండా పోతుంది. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదని ఏజెంటు ధీమా. అది నాలుగు ఊళ్ల గొర్రెలు మేసే బయలు.

6. నూటికి ఎంత?

డబ్బు లెక్క కూడా దాచకుండా చూద్దాం. 2 మెగావాట్ల మర, గాలి ఒడిదుడుకులన్నీ పోను, తన శక్తిలో నూటికి 30 వంతుల చొప్పున పని చేసిందనుకుంటే ఏడాదికి సుమారు 52 లక్షల యూనిట్లు ఇస్తుంది. 2017 ఫిబ్రవరిలో దేశంలో జరిగిన మొదటి పెద్ద వేలంలో యూనిట్ ధర 3.46 రూపాయలకు దిగింది. మనం మూడున్నర వేసుకుందాం. ఏడాదికి కోటీ ఎనభై లక్షల పైచిలుకు. మాకు చూపించిన కాగితంలో గుత్త ఎకరాకు ఏడాదికి 30 వేలు. మూడు ఎకరాలకు 90 వేలు. నూరు రూపాయల కరెంటులో నేల ఇచ్చినవాడి వాటా యాభై పైసలు.

న్యాయంగా ఇంకొక వైపు కూడా చెప్పాలి. ఆ మర నిలబెట్టడానికి పన్నెండు కోట్లకు తక్కువ కాదు. అప్పు, వడ్డీ, మరమ్మత్తు అన్నీ అందులోంచే రావాలి. మూడేళ్లకొకసారి చెనిక్కాయ ఎండిపోయే మెట్టలో, వానతో పని లేకుండా ఎకరాకు 30 వేలు వచ్చి పడడం చిన్న సంగతి కాదు. బావ ఇప్పటికీ "దాన్ని అడ్డం పెట్టుకోనే కూతురి పెండ్లి చేసినా" అంటాడు. ఆ మాటను కాదనే హక్కు నాకు లేదు.

నా ప్రశ్న వేరు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత గాలి, సౌర విద్యుత్తు ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయని తగ్గించబోయింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో తీర్పు వచ్చింది. పాతికేళ్ల ఒప్పందం మాట తప్పకూడదన్నారు. మంచిదే. మరి అదే పాతికేళ్లకు రైతు రాసిచ్చిన ఒప్పందం సంగతి? కంపెనీ చేతులు మారితే గుత్త ఎవరు కడతారు? మర వయసు తీరాక వందల ఘనపు మీటర్ల కాంక్రీటు పునాదిని ఎవరు తవ్వి తీస్తారు? మా కాగితంలో ఈ రెంటికీ జవాబు లేదు.

వేరే దారి ఉండదని అనుకోనక్కరలేదు. డెన్మార్కులో 2009 నుంచి 2020 దాకా ఒక చట్టం అమలులో ఉంది. కొత్త మరలు పెట్టేవాడు వాటాల్లో కనీసం నూటికి 20 వంతులు చుట్టూ నాలుగున్నర కిలోమీటర్లలో ఉండేవాళ్లకు ముందు అమ్మచూపాలి. కోపెన్‌హాగెన్ సముద్రంలో 2000లో నిలిచిన మిడిల్‌గ్రుండెన్ మరల్లో సగం వేలాది మామూలు మనుషుల సహకార సంఘానివి. వాళ్ల దగ్గర డబ్బుంది, మన కౌలు రైతు దగ్గర లేదు, నిజమే. వాటా కొనలేనివాడికి భూమినీ శ్రమనూ వాటాగా లెక్కగట్టే పద్ధతి మనం ఆలోచించుకోవాలి.

7. రచయితకేం పని?

ఒక సాహిత్య పత్రికలో ఈ కిలోవోల్టుల గోలేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. ఈ కథంతా భాషతో ముడిపడి ఉంది. "తదితర" అనే మాట ఒక కుంటను ఎండబెట్టింది. "బంజరు" అనే మాట ఒక బయలును ఖాళీ చేయించింది. ప్రజల జీవితాన్ని పాతికేళ్లు శాసించే పత్రం ప్రజలకు రాని భాషలో ఉంటే, ఆ భాష వచ్చిన మనం ఏం చేస్తున్నట్టు? గాలిమర మీద గేయం రాయడం సులువు. నేనూ రాశాను. దాని ఒప్పందాన్ని తెలుగు చేయడం కష్టం, పేరు రాదు, ఎవరూ సన్మానం చేయరు.

ఈసారి ఆ పని చేశాం. పదిహేడు పేజీల కాగితాన్ని నేనూ, మా బడిలో చదివి ఇప్పుడు న్యాయవాది అయిన ఒక కుర్రవాడూ పదకొండు రాత్రులు కూర్చుని తెలుగు చేశాం. ఒక ఆదివారం సాయంత్రం రచ్చకట్ట దగ్గర మొత్తం చదివాం. పట్టాదార్లనే కాక దళితవాడనూ, గుత్తదార్లనూ, గొర్రెలవాళ్లనూ పిలిచాం. చదువుతుంటే మధ్యలో ఆపి అడిగిన ప్రశ్నలు నేను చదివిన ఏ గ్రంథంలోనూ లేవు. "మా మందకు దావ యాడ ఇడుస్తారు?" అన్నాడొక కాపరి. "తూము పటంలోనే గీయమను, తర్వాత గీస్తామంటే నమ్మం" అంది ఎనిమిదేళ్ల కిందట నన్ను ఆపిన ముసలామె.

ఆ రాత్రి ఊరు రాయించిన షరతులు ఇవి. గాలి కొలిచిన లెక్క ఊరికి చూపాలి. దారి ఎక్కడ పోతుందో, తూములు ఎక్కడో, మందల దావ ఎక్కడో సంతకాలకు ముందే పటంలో ఉండాలి. "తదితర" కొట్టివేయాలి. మర కోసం సేద్యం పోయే గుత్తదారుకు పరిహారం ప్రత్యేకంగా రాయాలి. 33 కె.వి. తీగలకు ధర ఊరంతటికీ ఒకటే ఉండాలి. పునాది తీసే ఖర్చుకు ముందుగానే డబ్బు జమ కట్టాలి. చేతులు మారినా బాధ్యత మారకూడదు. అన్నిటికన్నా ముందు, ఒప్పందం తెలుగులో ఉండాలి. వివాదం వస్తే తెలుగు ప్రతే చెల్లాలి. గ్రామసభ తీర్మానంగా వీటిని రాసి పంచాయతీలో ఇచ్చాం. మా ప్రాంతం ఏజెన్సీ కాదు గనక 1996 నాటి పీసా చట్టపు బలం ఆ తీర్మానానికి లేదు. నలభై రెండు మంది పట్టాదార్లు విడివిడిగా సంతకం చేయబోమని ఒకరికొకరు ఇచ్చుకున్న మాటే దాని బలం.

ఆ మాట ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేను. ఇద్దరు అప్పుడే ఊగుతున్నారు. వాళ్ల అప్పులు వాళ్లను నిలవనీయడం లేదు. ఏజెంటు మళ్లీ వచ్చి, పక్క ఊరివాళ్లు ఇంత గొడవ చేయలేదన్నాడు. అందుకని తెలుగు ప్రతిని పక్క ఊరికి కూడా పంపాం.

2025 మార్చి నాటికి దేశంలో గాలి విద్యుత్తు సామర్థ్యం 50 వేల మెగావాట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్ వాటా 4 వేలకు పైగా. ఇది ఇంకా పెరుగుతుంది, పెరగాలి కూడా. సింగరేణి కార్మికుడి ఊపిరితిత్తుల మీదా, ముద్దనూరు బూడిద మీదా నడిచే కరెంటు కలకాలం సాగదు. కాబట్టి ఇటువంటి కాగితాలు ఇంకా ఎన్నో ఊళ్లకు వస్తాయి. ఉరవకొండ వైపో, పత్తికొండ వైపో మన సంఘ మిత్రులెవరి ఊరికైనా ఆ సన్నటి స్తంభం వచ్చి ఉంటే, మా తెలుగు ప్రతి పంపుతాం. మీ ఊరి కాగితంలో మాటలు వేరుగా ఉండవచ్చు. ఒక్కొక్క మాట దగ్గరా ఆగి చదవండి. ఆ కాగితంలో పేరు లేనివాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని చదవండి.